ఉరుము బిడ్డ

ఈ ఊళ్ళో శుక్రవారమే ఆదివారం.
కువైట్ సిటీలో ఒక అద్దె హాల్లో
తమిళుల ఆరాధన ముగిసి మలయాళీలది మొదలయ్యే సందులో
మాకు గంటన్నర.
ఏసుపాదం పాస్టరు గారు సాక్ష్యాలకు పిలుస్తారు.
"రాత్రి ప్రభువు నాతో మాట్లాడాడు" అంటుంది
హవల్లీలో వంటపని చేసే సుగుణావతి.
"నాతో కూడా" అంటాడు నీళ్ళ ట్యాంకరు దానం.
ఆయన అందరితో మాట్లాడతాడు, పేరు పెట్టి.
నేను వెనక వరుసలో
నా చెప్పుల వంక చూస్తూ కూర్చుంటాను.

పదకొండేళ్ళు జనరేటర్ల పక్కన పడుకున్నవాణ్ణి.
ఎడమ చెవిలో ఒక కీచురాయి కాపురం పెట్టింది,
దానికి రాత్రీ పగలూ లేవు.
కంపెనీ డాక్టరు అద్దాల గదిలో కూర్చోబెట్టి
చేతికి మీట ఇచ్చాడు.
శబ్దం వినపడ్డప్పుడల్లా నొక్కమన్నాడు.
నొక్కాను.
వినపడనప్పుడూ అందాజాగా నొక్కాను,
అకామా పోతుందని.
పాసయ్యాను.
నిజం చెప్పొద్దూ,
హాల్లోనూ అలాగే చెయ్యెత్తిన శుక్రవారాలున్నాయి.

నవంబరులో నన్ను సాల్మీ రోడ్డులో
బూ ఫలాహ్ గుడారాలకు పంపారు.
నాలుగు గుడారాలు, ఒక జనరేటరు, నలభై ఒంటెలు,
మిగతాదంతా ఏమీ లేకపోవడం.
ఒక రాత్రి ఆకాశం పగిలింది.
వెలుగు చూశాను.
దాని వెనక రావలసింది రాలేదు.
అరికాళ్ళలోకి వచ్చింది,
రొమ్ము ఎముకను ఒకసారి తాకి పోయింది,
పక్కింటి తలుపు తట్టి వెళ్ళినట్టు.
వాన పడింది. ఇసుక తాగేసింది.
ముసలాయన మాత్రం గుడారం బయట తడుస్తూ
ఒక్కో మెరుపుకూ ఒక్కో వేలు మడిచాడు.
నేను జనరేటరు మీద పట్టా కప్పి పడుకున్నాను.
ప్రభువా, నాకు పట్టలేదు.

జనవరి చివర, పొద్దు వాలుతుండగా
వెంట రమ్మన్నాడు.
సూర్యుడికి ఎదురు నడవాలట.
బెత్తెడు మొక్క పక్కన నేల వెంట్రుకవాసి చీలి
కాస్త ఉబ్బి ఉంటుంది. నీడే దాన్ని పట్టిస్తుంది.
ఆయన చూపించేదాకా ఒక్కటీ కనపడలేదు,
చూశాక అడుగు వెయ్యడానికి చోటు లేదు.
మోకాళ్ళ మీద కూలబడి వేళ్ళతో తవ్వాను.
పిడికిలంత. చల్లగా.
వేరు లేదు, కాడ లేదు, విత్తిన చెయ్యి లేదు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఆ రాత్రి వాన.

"ఫగా" అని అరిచాడు ముసలాయన,
నా మంచి చెవి వైపుకి తిరిగొచ్చి.
"ఉరుము బిడ్డ. అది మాట్లాడిన చోటే పుడుతుంది."

మా నాయనమ్మా ఇదే అనేది
చింతలపూడి జీడిమామిడి తోటల్లో
తొలకరికి పుట్టగొడుగులు ఏరి ఒడిలో వేసుకుంటూ.
ఉరుము నేలలో దిగి మొలిచిందిరా అని.
ఆమెకు అరబ్బీ రాదు, ఈయనకు తెలుగు రాదు.
ఇద్దరికీ ఈ సంగతి చెప్పిందెవరు?

నవంబరులో నువ్వన్నది
జనవరిలో నా వేళ్ళకు వినపడింది.
ఏమన్నావో ఇంకా తెలీదు.
అరచేతిలో దాని బరువు తెలుసు, అంతే.

ఆ శుక్రవారం
రొట్టె విరిచి చేతిలో పెట్టినప్పుడు
గోళ్ళలో ఇంకా మట్టి ఉంది.
కడుక్కోలేదు, కావాలనే.
"సాక్ష్యం ఏమైనా ఉందా బ్రదర్?" అన్నారు పాస్టరు గారు.
పుట్టగొడుగు అనబోయి
ఊరుకున్నాను.

మార్చిలో మళ్ళీ అద్దాల గది.
వినపడ్డప్పుడే నొక్కాను.
మధ్యలో చాలాసేపు
మీట మీద బొటనవేలు ఆనించి
ఉత్తినే కూర్చున్నాను.
డాక్టరు అవతల ఏదో రాసుకుంటున్నాడు.
కీచురాయి పాడుతూనే ఉంది.
దాని వెనక ఎంత చోటుందో
ఇన్నాళ్ళూ చూసుకోలేదు.